పుంగనూరుకు గంట ప్రయాణం

మా క్రైస్తవుల్లో ఈస్టరుకు ముందు శ్రమల కాలం నలభై రోజులూ పెళ్ళి చెయ్యరు. ఆ మాటే ఎత్తరు. అందుకని ఈస్టరు దాటగానే పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఎండలు కూడా అప్పుడే ముదురుతాయి. మదనపల్లె చల్లని ఊరని పేరే గాని, ఏప్రిల్ చివర చర్చిలో ఫ్యాను కింద నిలబడిన పెళ్ళికొడుకు కోటు వీపంతా తడిసి ఉంటుంది. ఆ తడి ఫోటోలో కనిపించకుండా చెయ్యడం మా మనవరాలు షైలజ పని.

షైలజ నా పెద్దకొడుకు కూతురు. ఇరవై ఎనిమిదేళ్ళది. పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది. ఆడపిల్ల అయితే పెళ్ళికూతురి గదిలోకి నిశ్చింతగా రానిస్తారని దానికి పని బాగానే దొరుకుతుంది. వాల్మీకిపురం, నిమ్మనపల్లె, పుంగనూరు, ఒక్కోసారి కుప్పం దాకా పోతాము. పోతాము అంటున్నానంటే నేనూ తోడు పోతానని. తోడంటే ఊరికే కూర్చోవడం కాదు, లైటు పట్టుకుంటాను. పెళ్ళికూతురు బిగుసుకుపోతే ఏదో ఒక కబురు చెప్పి నవ్విస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసినదాన్ని, బిగుసుకుపోయిన మనుషులు నాకు కొత్త కాదు. చదువు మూడో తరగతి. బైబిలు చదువుతాను, బస్సు బోర్డు చదువుతాను, అంతే. కాని ఒకసారి చూసిన మొహం మరచిపోను.

షైలజ తీసే ఫోటోలు మనం ఫోన్లో తీసేలాంటివి కావు. రా ఫోటోలంటుంది, అంటే పచ్చివని నాకు చెప్పింది. కెమెరా వాటికి రంగు దిద్దదు, మెరుపు పెట్టదు. ఉన్న వెలుతురునంతా మూట కట్టి ఇచ్చేస్తుంది. ఆ మూట విప్పి వండాల్సింది లాప్‌టాప్‌లో. ఒక్కో పెళ్ళికి రెండు వేలు, మూడు వేలు ఫోటోలు, వాటిలోంచి మూడు నాలుగు వందలు ఏరి వండుతుంది. దాని లాప్‌టాప్ ఆరేళ్ళనాటిది. ఒక ఫోటో తెరిచి మొహం మీద వెలుతురు కొంచెం పెంచితే తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతూ ఉండేది. అది ఆగేలోపల నేను రెండు వంకాయలు తరిగేదాన్ని. షైలజ గోళ్ళు కొరుక్కుంటూ కూర్చునేది.

ఆ ఏడాది ఈస్టరు తరువాత మొదటి పెళ్ళి లిల్లీది. లిల్లీ వాళ్ళ నాయన శాలేము రాజు సారు, పుంగనూరులో పంతులుగా చేసి రిటైరయిన మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, లిల్లీ ఒక్కతే కూతురు. పెళ్ళికొడుకు వాళ్ళ సంఘం కుప్పంలో, అందుకని పెళ్ళి అక్కడ. సారు రాలేడు. గుండె జబ్బు. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మని పంపేశారు.

తెల్లవారి ఆరుగంటలకు కారు బయలుదేరే ముందు పిల్లను దీవించడానికి ఆయన కోటు వేసుకొని మంచం మీద కూర్చున్నాడు. లిల్లీ మోకరించింది. ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. మూడు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకున్నాడు. షైలజ ఫోటోలు తీసింది, నేను లైటు పట్టుకున్నాను. లిల్లీ కారు దగ్గరికి పోయాక ఆయన షైలజను దగ్గరికి రమ్మన్నాడు.

“ఆల్బం గీల్బం నాకొద్దమ్మా. తాళి కట్టేటప్పుడు మా పాప మొహం ఎట్లుంటాదో, అదొక్కటి సూపించు, సాలు.”

“మంచిగా చేసి తెస్తాను సార్, మీకే మొదట.”

“వాళ్ళమ్మ మొహం ఆ పొద్దు ఎట్లుండిందో నాకు ఇంకా కండ్ల ముందరే ఉండాది. ఫోటోలన్నీ వాననీళ్ళకు అంటుకోనిపోయినాయి. పాప దాని మాదిరే ఉంటాదా అని సూడాల.”

కాళ్ళ మీది దుప్పటి జారితే సరిచెయ్యబోయాను. మడమ దగ్గర నా వేలు ఆనింది. వేలు తీశాక అక్కడ గుంట పడి, అలాగే నిలిచిపోయింది. గోళ్ళు నేరేడుపండు రంగులోకి తిరిగి ఉన్నాయి. వార్డులో అట్లాంటి మనుషులు ఎన్నాళ్ళుండేవాళ్ళో నాకు తెలుసు. పది దినాలు. గట్టి మనిషయితే ఇంకో రెండు.

దుప్పటి కప్పేశాను. ఆసుపత్రిలో ఆయాలకు మొట్టమొదట నేర్పేది ఒకటే, రోగి గురించి నోరు విప్పకూడదు. మా ఇంట్లో, మా ప్రార్థన కూటంలో ఇంకో నియమం. మంచాన ఉన్న మనిషి గురించి లేస్తాడనే అనాలి, వేరే మాట రానివ్వకూడదు. వేరే మాట అంటే విశ్వాసం తక్కువని. ఎవరైనా పొరపాటున అంటే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవాళ్ళు. నేనూ చాలామందిని పొడిచాను.

“ఆల్బం సూసి, మనవణ్ణి కూడా ఎత్తుకుంటావు సారూ,” అన్నాను. ఆయన నవ్వాడు.

కుప్పం చర్చి చిన్నది, జనం ఎక్కువ. పాస్టరు నతానియేలు అయ్యగారు ఉంగరాల ప్రార్థన ముగించి తాళి ఎత్తేసరికి షైలజ ముందుకు దూకింది, వీడియో తీసే ఇద్దరూ దూకారు, వాళ్ళ వెనకాల లైటు పట్టుకొని నేను. లిల్లీ మొహం నాకు కనబడలేదు. లైటు నా కళ్ళకే కొడుతూ ఉంది. లిల్లీ మేనమామ ఫోన్లో పుంగనూరుకు వీడియో కాల్ పెట్టాడు. అక్కడ సారు పక్కింటి కమరున్నీసా ఫోను పట్టుకొని ఆయనకు చూపిస్తూ ఉంది. సరిగ్గా తాళి కట్టే సమయానికి సిగ్నలు పోయింది. ఆయన చూసింది చర్చి పైకప్పు ఫ్యానొక్కటేనని కమరున్నీసా తరువాత చెప్పింది.

నాలుగో రోజు లిల్లీ ఫోను చేసింది. అప్పటికే నాయనను చూసుకోవడానికి పుంగనూరుకు వచ్చేసింది. మేము ఇంట్లో ఉన్నాము. షైలజ స్పీకరులో పెట్టి మాట్లాడింది.

“అక్కా, నాయన రోజూ అడగతాండాడు. బంధువుల ఫోన్లలో ఉండే ఫోటోలన్నీ తెప్పించి సూపించినాను. తాళి కట్టే టైమువి అన్నిట్లోనూ నీ వీపే ఉండాది.”

షైలజ నవ్వింది. నేనూ నవ్వాను.

“మీ అవ్వ కొప్పు కూడా ఉండాది. నా మొహం తప్ప అందరివీ ఉండాయి,” అని లిల్లీ కూడా నవ్వింది. తరువాత గొంతు తగ్గించి, “నువ్వు కెమెరా తీసుకోని ఒకసారి రాకూడదా అక్కా. కెమెరా వెనకాల చిన్న తెర ఉంటాది గదా, దాంట్లోనే సూపిస్తే సాలు,” అంది.

షైలజ గోళ్ళు కొరుక్కోవడం మొదలుపెట్టింది. దాని బాధ నాకు తెలుసు. పోయిన ఏడాది ఒక బట్టల వ్యాపారి ఇంట్లో తొందరపెడితే వండని ఫోటోలు చూపించింది. వాళ్ళు వాటిని ఫోనుతో తిరిగి ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకున్నారు. పిల్లను ఇంత నల్లగా తీసిందేమని ఊరంతా మాట. ఒప్పుకున్న పెళ్ళిళ్ళు రెండు తప్పిపోయాయి. అప్పటినుంచి అది ఒట్టు పెట్టుకుంది, పూర్తికానిది ఎవరి కంటా పడనివ్వనని.

“చర్చిలో ట్యూబులైట్లకు మొహాలన్నీ ఆకుపచ్చగా పడినాయి లిల్లీ. సారు అట్ల సూడకూడదు. వారంలో నేనే తెస్తాను.”

ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. నేను చాటలో బియ్యం చెరుగుతున్నాను.

“అవ్వా, నువ్వు ఆసుపత్రిలో చేసినదానివి. సారును దగ్గరినుంచి సూసినావు గదా. వారం పది దినాలు పర్వాలేదా?”

చాట ఆపాను. నాలుగు రోజులు పోయాయి, ఇంకా ఆరు అని నా లోపల ఎవరో అన్నట్టే అనిపించింది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“దేవుడు ఉంచుతాడు పాపా. నిదానంగా, బాగా చెయ్యి.”

బాగా చెయ్యి అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

ఆ మధ్యాహ్నమే లాప్‌టాప్ మొరాయించింది. లిల్లీ పెళ్ళి ఫోటోలు సగం ఎక్కించేసరికి చక్రం తిరగడం కూడా మానేసింది. తెర అట్లాగే గడ్డకట్టుకుపోయింది. దాన్ని గుడ్డసంచిలో పెట్టుకొని బజారులో మోసిన్ అంగడికి పోయాము. మోసిన్ పాతికేళ్ళవాడు, నిదానస్తుడు. వాళ్ళమ్మ కాన్పుకు నేనే వార్డులో ఉన్నాను. అదెప్పుడూ గుర్తు చేస్తూ ఉంటాను, అతను ఎప్పుడూ తల వంచుకుంటాడు. వెనక మూత విప్పి లోపల చూశాడు.

“దీంట్లో ఇంకా తిరిగే డిస్కే ఉండాది అక్కా. తీసేసి ఎస్ఎస్‌డి వేస్తాను, రామ్ రెండింతలు చేస్తాను. సామాను బెంగళూరు నించి రావాల. మూడు దినాలు.”

“వేగం అవతాదా?” అని షైలజ అడిగింది.

“తెరిచేది వేగం. సేవ్ చేసేది వేగం. అన్నీ అయినాక ఒకేతూరి బయటికి తీస్తావే, రాత్రంతా పట్టేది, అది గంటలో అయిపోతాది. కానీ రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టుకోని ఏది బాగుండాదని సూస్తాంటావే, దాన్ని నేను వేగం చెయ్యలేను.” స్క్రూలు ఒక మూతలో వేసుకుంటూ, “అర్జెంటువి ఎన్ని?” అన్నాడు.

“ఒకటి.”

మోసిన్ తలెత్తి చూశాడు. “ఒక్కదానికైతే నా అంగట్లో ఉండే ఏ డొక్కుదైనా సాలు గదా అక్కా. ఈడనే కూర్చోని చేసుకో.”

“ఆ ఒకటి ఏదో తెలియాలంటే రెండు వేలు సూడాల,” అంది షైలజ.

అతను మళ్ళీ స్క్రూల మీదికి వంగాడు. అది నిజం కాదని అప్పుడే అనిపించింది నాకు. తాళి కట్టిన క్షణానివి ఎన్ని ఉంటాయి, ఇరవై. కాని పనితనం ఉన్నవాళ్ళకు వాళ్ళ పంతం ఉంటుంది, మధ్యలో ముసలిదాన్ని నేనెందుకని ఊరుకున్నాను.

సామాను మూడు రోజులన్నది నాలుగు రోజులకు వచ్చింది. ఈ మధ్యలో వాల్మీకిపురంలో ఇంకో పెళ్ళి చేసి వచ్చాము. లాప్‌టాప్ ఇంటికొచ్చిన రోజు షైలజ మొహం చూడాల్సింది. ఫోటో మీద నొక్కితే రెప్ప కొట్టేలోపల తెరుచుకుంటోంది. చక్రమే లేదు. నన్ను పిలిచి పదిసార్లు తెరిచి మూసి చూపించింది. నేను వంకాయ చేతిలోకి తీసుకునేలోపల ఫోటో రంగు మారిపోతోంది. రెండు రోజుల్లో అయిపోతుందవ్వా అంది.

నేను పక్కన కూర్చొని చూస్తూ ఉన్నాను గనుక నాకు తెలిసింది. ముందు అయితే చక్రానికి భయపడి ఒకటికి ఒక్కసారే దిద్ది వదిలేసేది. ఇప్పుడు తేలిక కదా. లిల్లీ చెంప మీద వెలుతురు పెంచింది, తగ్గించింది, మళ్ళీ పెంచింది. ముక్కు పక్కన నీడ తీసేసింది, నీడ లేకపోతే బాగాలేదని తిరిగి పెట్టింది. వెనకాల నిలబడిన వాళ్ళ చొక్కాల రంగు కూడా సవరించింది. పాత లాప్‌టాప్‌లో గంటకు పది ఫోటోలు చేసే పిల్ల, కొత్త వేగంలో కూడా గంటకు పదే చేస్తోంది. కాని ఎంత బాగా చేస్తోందో. ఆకుపచ్చగా ఉన్న మొహాల్లోకి నెత్తురు వచ్చినట్టుండేది.

తాళి కట్టే ఫోటోలు ఆఖరికి పెట్టుకుంది. చెయ్యి కుదిరాక అవి చేస్తే బాగుంటాయని.

పెళ్ళయిన పన్నెండో రోజు పొద్దున షైలజ లాప్‌టాప్ మూసి, పద పోదాం అంది. తాళి కట్టే ఫోటోను పెద్దది చేసి చట్రం కట్టించుకొని పోదామా అని ఆలోచించి, లాప్‌టాప్‌లోనే అన్నీ చూపిద్దాంలే అనుకుంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సులో గంట. ఇన్నాళ్ళూ ఆయనకూ ఆ ఫోటోకూ మధ్య ఉన్నది ఆ గంటే.

కమరున్నీసా గడపలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకుంది. సారు మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. మొన్నటినుంచి కళ్ళు తెరవలేదట. ఊపిరి వస్తోంది, ఆగుతోంది, చాలాసేపటికి మళ్ళీ వస్తోంది. లిల్లీ మంచం పట్టె పట్టుకొని కింద కూర్చొని ఉంది. కొత్త తాళి పసుపుతాడు ఇంకా మాయలేదు.

షైలజ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఫోను చేస్తే నువ్వు పనిలో ఉంటావని చెయ్యలేదక్కా,” అంది లిల్లీ. “పెట్టు. ఒకవేళ కండ్లు తెరిస్తే కనబడనీ.”

స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి తెరిచింది. ఫోటోలు ఎంత వేగంగా వచ్చాయో చెప్పలేను. ఒకదాని వెంట ఒకటి, వెలుగుతూ, ఎక్కడా ఆగకుండా. ఆ గదిలో చూసేవాళ్ళు ఎవరూ లేరు. లిల్లీ నాయన మొహమే చూస్తోంది. షైలజ నేల చూస్తోంది.

మనిషికి వినికిడి అన్నిటికంటే ఆఖరున పోతుంది, వార్డులో అందరికీ తెలిసిన సంగతే. నేను మంచం మీద కూర్చొని ఆయన చెవి దగ్గరికి వంగాను.

“సారూ, నేను సంతోషమ్మను. లైటు పట్టుకున్నాను గదా, నేనే. పాప ఫోటో వచ్చింది. తాళి కడతాండాడు అబ్బాయి. పాప తల వంచుకోలేదు. నవ్వలేదు, ఏడవలేదు. కింది పెదవి పండ్లతో పట్టుకోనుండాది, లెక్క తప్పు చేసి నీ ముందర నిలబడిన పిల్ల మాదిరి. కండ్లు మాత్రం ఎదురుగా ఉండాయి. నెత్తిన ముసుగు రవ్వంత పక్కకు జరిగింది.”

అంతవరకు చెప్పి ఆగిపోయాను. ఆయన అడిగింది అది కాదు. వాళ్ళమ్మ మాదిరి ఉందా అని. ఆ తల్లిని నేను చూడలేదు. కమరున్నీసా ఆ వీధికి వచ్చేసరికే ఆమె పోయింది. లిల్లీకి తల్లి మొహమే సరిగా గుర్తు లేదు. ఆ మాట చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే, కళ్ళు మూసుకొని మా ముందు పడుకొని ఉన్నాడు.

నాయన కనుబొమ్మ కదిలిందని లిల్లీ అంది. నాకు కదిలినట్టు అనిపించలేదు. అనిపించలేదని చెప్పలేదు.

మరునాడు పొద్దెక్కకముందే ఆయన పోయాడు. మా వాళ్ళలో సమాధికి పోయే ముందు పెట్టె చుట్టూ అయినవాళ్ళంతా నిలబడి ఫోటో తీయించుకుంటారు. లిల్లీ అడిగితే షైలజే తీసింది. సాయంత్రం వాళ్ళ ఇంట్లోనే కూర్చొని, ఒక్క రంగు కూడా దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టే లిల్లీ ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది.

పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కోసం కూర్చున్నాము. షైలజ ఒళ్ళో లాప్‌టాప్ సంచి. ఎండ తగ్గింది గాని సిమెంటు బెంచీ ఇంకా కాలుతూనే ఉంది.

“శ్రమల కాలంలో ఖాళీగా ఉన్నప్పుడే మార్పించుకోని ఉంటే సరిపోయేది అవ్వా,” అంది. “లాప్‌టాప్ ముందే బాగుంటే సారు సూసుండేవాడు.”

ఆ మాట అట్లా వదిలేసి ఉండొచ్చు. పిల్ల నెపం దేనిమీదో ఒకదానిమీద పెట్టుకొని నిమ్మళించేది. కాని అది నా మీద పడాల్సినది, ఒక ఇనుపముక్క మీద పడుతూ ఉంటే చూడలేకపోయాను.

“లాప్‌టాప్ కాదు పాపా. నాకు తెలుసు.”

“ఏమి తెలుసు?”

“పెండ్లి పొద్దే తెలుసు. కాళ్ళు సూసినాను, గోళ్ళు సూసినాను. పది పన్నెండు దినాలని తెలుసు.”

షైలజ నా వైపు తిరిగింది. కోపం లేదు మొహంలో. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు సూదిమందు నొప్పి పుట్టదని చెప్పి వేయించాను దానికి. అప్పుడు చూసినట్టు చూసింది.

“నేను అడిగినాను గదా అవ్వా.”

“అడిగినావు.”

“యాల చెప్పలేదు?”

విశ్వాసం అనబోయాను. అది విశ్వాసం కాదు. చెడ్డమాట నా నోట వచ్చిందని ఎవరైనా అంటారేమోననే భయం, అంతే. అరవై ఏళ్ళుగా ఆ భయానికి మంచి పేరు పెట్టుకొని బతికాను. అదంతా బస్టాండులో ఎట్లా చెప్పేది. బస్సు వచ్చింది. షైలజ ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని, తన పక్కన సంచి పెట్టుకుంది. నేను వెనక సీటులో కూర్చున్నాను.

ఆ తరువాత నాలుగు పెళ్ళిళ్ళకు షైలజ ఒంటరిగానే పోయింది. అన్నం అడిగేది, మందులు వేసుకున్నావా అనేది, తోడు రమ్మని మాత్రం అనలేదు. పోయిన ప్రతి ఇంట్లోనూ పెళ్ళికి రాలేకపోయిన వాళ్ళెవరైనా ఉన్నారా అని ముందే అడుగుతోందని మోసిన్ నాకు చెప్పాడు.

మే నెల ఆఖరున నిమ్మనపల్లెలో పెళ్ళి. పొద్దున నా లైటు తీసి గడప దగ్గర పెట్టింది. రమ్మనలేదు. నేను చెప్పులేసుకున్నాను.

పెళ్ళి ముగిసి కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టాక షైలజ వాకిట్లో నా దగ్గరికి వచ్చింది. లోపలి గదిలో పెళ్ళికొడుకు అవ్వ ఉండాది, పోయి సూసి రా అంది. పోయాను. చుట్టుకుపోయిన చిన్న మనిషి. నోట్లో పోసిన చెంచాడు నీళ్ళు పక్కనుంచి కారిపోతున్నాయి. పెళ్ళికొడుకు తల్లి తుడుస్తూ, వచ్చేనెల ఆల్బం వస్తుందత్తా, సూస్తువుగాని అంటోంది. షైలజ కెమెరా మెడలో వేసుకొని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఎట్లుండాది అవ్వా?”

ఆ తల్లి నా మొహమే చూస్తోంది. ముందరి గదిలో కొత్త కోడలికి హారతి పాట పాడుతున్నారు.

“వచ్చేనెల దాకా ఆగొద్దు,” అన్నాను. “ఈ పొద్దే సూపించు.”

తల్లి చేతిలో చెంచా ఆగిపోయింది. “ఏం మాటలు పెద్దమ్మా అవి, కోడలు గడప దాటిన పూట,” అంది. ఆమె అన్నది తప్పు కాదు. నేనైనా అదే అనేదాన్ని.

షైలజ అప్పటికే మంచం పక్కన కూర్చొని కెమెరా తిప్పి పట్టుకుంది. అగ్గిపెట్టెలు నాలుగు పేర్చినంత తెర. రంగు దిద్దలేదు, ఏమీ చెయ్యలేదు. ముసలామె ఆ తెరను ముక్కుకు ఆనుకునేంత దగ్గరికి లాక్కొని చాలాసేపు చూసింది.

“ఎండకు నల్లబడినాడు నా మనవడు,” అంది.

షైలజ ఇంకో ఫోటో చూపించింది. తరువాత ఇంకొకటి. మేము ఆ ఇంట్లో భోజనం చెయ్యకుండానే వచ్చేశాము. ఎవరూ పిలవలేదు.